మహారాజుగారికి మొలతాడు

ఒకానొక రాజ్యంలో ఒక రాజు, ఆయన కొలువులో ఒక తెలివైనవాడు ఉండేవారని కథ ఎత్తుకోవడం పెద్దల ఆనవాయితీ. మా వేలాపురిలో రాజు ఉన్న మాట నిజమే. తెలివైనవాడి సంగతి నాకంత తెలియదు. ఆ ఉద్యోగంలో ఉన్నది మాత్రం నేను.

నా పేరు సింగన. సింగమంటే సింహం. అది మా తాతగారి పేరు. ఆయన వట్టి చేతికర్రతో చిరుతపులిని పొలిమేర దాకా తరిమాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన మనవణ్ణయిన నేను గోడ మీది బల్లి కిందపడితే మంచమెక్కి మా ఇంటావిడను కేకేస్తాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత కంటే నేను కొంచెం ఆలస్యంగా పుట్టాను గానీ, లేకపోతే అది నా గురించేనని ఒప్పుకునేవాణ్ణి.

పొట్టిగా, బట్టతలతో, ముందు పొట్టా వెనక నేనూ నడుస్తుంటే రాజుగారు నవ్వేవారు. ఆయన్ను నవ్వించడానికి నేను నోరు విప్పాల్సిన అవసరం తరచుగా పడేది కాదు. జీతం మాత్రం నోటికనే ఇచ్చేవారు.

మా ఉదగ్రవర్మ మహారాజు చెడ్డవాడు కాదు. పంటలు పోతే పన్ను వదిలేసేవాడు, ఆకలన్నవాడికి అన్నం పెట్టించేవాడు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, పేర్ల పిచ్చి. సమరప్రచండుడు, శత్రుగజకేసరి, త్రిసముద్రాధీశ్వరుడు, ఇలా బిరుదులు పోగేసుకున్నాడు. మాకున్నది ఒకటే సముద్రం, అందులోనూ మా వాటా రెండు పల్లెల ఒడ్డు. వందిమాగధులు ఆ బిరుదులన్నీ చదివి ముగించేసరికి కొలువులో సగంమంది కునుకు తీసి లేచేవారు. ఆ సగంలో నేనూ ఉండేవాణ్ణి.

మా రేవులో ఒక ముసలి యవనుడు ఉండేవాడు. పడుచుతనంలో ఓడెక్కి పడమటి సముద్రాల అవతలినుంచి వచ్చి, ద్రాక్షసారా జాడీల వ్యాపారం పెట్టి, ఇక్కడే పెళ్ళాడి స్థిరపడిపోయాడు. తెలుగు మనకంటే బాగా మాట్లాడేవాడు, పడవవాళ్ళతో దెబ్బలాటకు దిగితే మనకంటే బాగా తిట్టేవాడు. ఊళ్ళో పెద్దవాళ్ళు ఆయన్ను యవనశెట్టి అనేవారు. పిల్లలు తాతా అనేవారు. ఆయనకు అసలు పేరొకటి ఉందన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఏటా కొత్త సరుకు రాగానే ఒక మంచి జాడీ తెచ్చి రాజుగారికి సమర్పించుకోవడం ఆయనకు అలవాటు. ఆ ఏడూ తెచ్చాడు. రాజుగారు రుచి చూసి, మనసు కులాసాగా ఉండి, అడక్కూడని ప్రశ్న ఒకటి అడిగారు.

"శెట్టీ, నీ అసలు పేరేమిటయ్యా?"

"లూకిప్పోస్, ప్రభూ."

"దానికేమైనా అర్థముందా, లేక ఊరికే పెట్టుకున్నారా?"

"ఉంది ప్రభూ. మా భాషలో లూకోస్ అంటే తెలుపు. హిప్పోస్ అంటే గుర్రం. తెల్లగుర్రాలు గలవాడని అర్థం."

రాజుగారు సింహాసనంలో ముందుకు జరిగారు. "తెల్లగుర్రాలు గలవాడా? శ్వేతవాహనుడు! అది అర్జునుడి పేరు కదయ్యా. పిడుగులు పడేటప్పుడు అర్జునా ఫల్గుణా అని మా అమ్మగారు తలుచుకున్న పేర్లలో అదొకటి. యవన దేశంలో కూడా ఉందన్నమాట."

అక్కడితో ఆగితే ఈ కథ లేదు. పక్కనున్న వాగీశభట్టుగారు ఊరుకోలేదు. ఆయన మా ఆస్థాన పండితుడు. ఎవరూ అడక్కుండానే సమాధానం చెప్పడంలో ఆయనకు సాటి లేరు.

"ప్రభూ, తమ బిరుదులన్నీ స్వదేశీయాలు. సముద్రాల అవతలి పేరొకటి ధరిస్తే ద్వీపాంతరాల్లో కూడా తమ కీర్తి మారుమోగుతుంది" అన్నాడు.

రాజుగారి కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. ఆ మెరుపు తరవాత ఏదో ఒక ఇల్లు కూలుతుంది.

"నేటినుంచి లూకిప్పోస్ అన్న పేరు మాది" అని ప్రకటించారు రాజుగారు. "రాజుకూ సారావ్యాపారికీ ఒకే పేరుంటే బాగుండదు కాబట్టి ఈ రాజ్యంలో ఇంకెవరూ ఆ పేరు పెట్టుకోకూడదు, పెట్టకూడదు. మీరినవాడి నాలుక తెగ్గోయించేస్తాం."

ముసలాయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ప్రభూ, మా కోడలు ప్రసవించింది. మగపిల్లవాడు. రేపు బాలసారె. వాడికి ఆ పేరే..." అంటూ మాట మింగేశాడు.

"ఇంకో పేరు పెట్టుకో. పేర్లకేం కరువు?" అన్నారు రాజుగారు. పేర్లకు కరువు లేదన్నవాడు పక్కవాడి పేరెందుకు లాక్కున్నట్టో నాకు అర్థం కాలేదు. ఆ మాట పైకి అనలేదు, మా తాత అయితే అనేవాడేమో.

కొలువు ముగిశాక రాజుగారు నన్ను పిలిచారు. "సింగనా, మేము జులుం చేశామని లోకం అనుకోకూడదు. నువ్వెళ్ళి ఆ శెట్టితో మాట్లాడి, రేపు కొలువులో వాడి నోటితో వాడే ఆ పేరు మాకు సమర్పించేలా చూడు. ఒప్పుకోకపోతే పిల్లాజెల్లాతో ఓడెక్కించేస్తాం. ఒప్పించలేకపోతే నువ్వూ వాళ్ళతోపాటే ఎక్కుతావు."

చిత్తమన్నాను. నాకు సముద్రం పడదు. తీరాన నిలబడి అల వంక చూస్తేనే పక్కవాడి భుజం పట్టుకుంటాను.

మిట్టమధ్యాహ్నం రేవుకు వెళ్ళాను. పన్ను జప్తు చేయడానికి వెళ్ళేవాళ్ళు బండి తోలుకెళతారు, పశువులను జప్తు చేసేవాళ్ళు పలుపుతాళ్ళు పట్టుకెళతారు. పేరు జప్తు చేయడానికి ఏం పట్టుకెళ్ళాలో తెలియక ఉత్త చేతులతోనే వెళ్ళాను.

ముసలాయన ఇంటి అరుగు మీద కూర్చుని కొత్త తొట్టెకు రంధ్రాలు తొలుస్తున్నాడు. తన చేత్తోనే చేశాడట. లోపలి గదిలో ఆయన కోడలు ముత్యాలు పసివాణ్ణి జోకొడుతోంది. ఆమె మా రేవు బెస్తల ఆడపడుచే. ముసలాయన కొడుకు దియోన్ ఓడ మీద సరుకుకు వెళ్ళాడు.

"వచ్చావా సింగనా. నా పేరు మూట కట్టి గుమ్మంలో పెట్టాను, పట్టుకుపో" అన్నాడు ముసలాయన.

నేను పక్కనే కూర్చున్నాను. "తాతా, ఒక్క మాట అడుగుతాను. ఇంతకీ మీ వంశంలో తెల్లగుర్రాలు ఎన్ని ఉండేవి?"

ఆయన నవ్వాడు. "మా తాతకు ఒక గాడిద ఉండేది. బూడిదరంగుది. అదీ చెప్పినమాట వినేది కాదు."

"మరి ఆ పేరు?"

"మా దేశమంతా రాళ్ళు. గొర్రెకే గడ్డి చాలదు, ఇక గుర్రాన్నెవడు మేపుతాడు? గుర్రమున్నవాడే దొర. అందుకని లేనివాడు కూడా కొడుక్కి గుర్రం పేరు పెట్టుకుంటాడు, కొట్టంలో లేకపోయినా పేరులోనైనా ఉంటుందని. మా తాత పేరు లూకిప్పోస్. ఆయన తాతదీ అదే. ఆ తాత తాతకు నిజంగానే ఒక తెల్లగుర్రం ఉండేదని మా వాళ్ళంటారు. నేను నమ్మను."

తొట్టెలోకి ఊది పొట్టు దులిపాడు. తరవాత ఆయన మాటలో నవ్వు పోయింది.

"మాకు ఇంటిపేర్లు లేవు సింగనా. మనిషికి ఒకటే పేరు. పక్కన తండ్రి పేరు చెప్పుకుంటాం, అంతే. మా ఇంట్లో లూకిప్పోస్ కొడుకు దియోన్, ఆ దియోన్ కొడుకు మళ్ళీ లూకిప్పోస్. తాత పేరు మనవడికి. ఎన్ని తరాలుగానో తాడు పేనినట్టు ఇలాగే వస్తోంది. నేను దేశం వదిలాను. దేవుళ్ళు మారారు. మా అమ్మ పాడిన పాటలో సగం మరిచిపోయాను. ఆ పేరొక్కటే ఓడలో పడిపోకుండా తెచ్చుకున్నాను. వీడికి పెట్టకుండా నేను పోతే, నన్ను కన్నవాళ్ళకు ఏమని చెప్పుకోను?"

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. నేను తుడుచుకున్నాను. ఏడవడంలో నేను ఎప్పుడూ ముందే ఉంటాను.

"మా దగ్గరా అంతే తాతా. తాత పేరు మనవడికే" అన్నాను.

"తెలుసు. అందుకే ఈ ఊళ్ళో దిగిపోయాను" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఇంటావిడ కామసాని చేటలో బియ్యం చెరుగుతోంది. నేను కాలుగాలిన పిల్లిలా వసారాలో తిరగడం చూసి ఏమైందని అడిగింది. అంతా చెప్పాను.

ఆవిడ చేట కింద పెట్టింది. "బాగానే ఉంది సంబడం. పేరంటే దారిన పోతూ తెంపుకునే మామిడికాయనుకున్నారా మీ రాజుగారు? తాత పేరు కావాలంటే ముందు మనవడు కావాలి. తొట్టెలో పడుకోవాలి, మొలతాడు కట్టించుకోవాలి, మేనత్త చెవిలో చెప్పాలి. ఇవేమీ లేకుండా నాదంటే అయిపోయిందా? ఇంతోటి రాజుకు ఈమాత్రం చెప్పలేకపోయారా? మీకు సింగన అని పేరు పెట్టినవాళ్ళననాలి."

నేను తిరగడం ఆపి ఆవిడ వంక చూశాను.

"ఏం, అలా చూస్తారేం?"

"కామసానీ, మళ్ళీ ఒకసారి తిట్టు. అదే వరసలో" అన్నాను. నా తెలివితేటలని కొలువులో అందరూ మెచ్చుకున్నవన్నీ మా ఇంటావిడ విసుగులోంచి పుట్టినవేనని మీరెవరూ బయట చెప్పకండి.

మర్నాడు కొలువు నిండుగా ఉంది. వందిమాగధులు కొత్త పేరు పలకడానికి తెల్లవారినప్పటినుంచి కుస్తీ పడుతున్నారు. ఒకడు లుక్కిప్పూ అన్నాడు, ఒకడు లోకప్ప అన్నాడు. రాజుగారు ఒక్కొక్కరినీ సరిదిద్దుతున్నారు, ఆయనది కూడా తప్పే.

అంతలో బయట సన్నాయి మోగింది. ముందు కామసాని, వెనక పళ్ళాలు పట్టుకున్న ముత్తైదువులు, ఆ వెనక కొత్త పంచె కట్టుకున్న యవనశెట్టి. వాళ్ళ వెనక ఆరుగురు బెస్తలు ఒక పడవను మోకులతో దుంగకు కట్టి మోసుకొస్తున్నారు. పడవకు పూలదండలు చుట్టారు. లోపల మెత్తని బొంత పరిచారు.

"ఏమిటిది?" అన్నారు రాజుగారు.

"బాలసారె, ప్రభూ" అన్నాను.

"ఎవరికి?"

"తమకే."

కొలువులో తలలన్నీ నావైపు తిరిగాయి.

"ఏలినవారు యవన పేరు కోరారు. శెట్టి ఒప్పుకున్నాడు" అన్నాను. "అయితే యవనుల్లోనూ మనలాగే తాత పేరు మనవడికిస్తారు. వేరే ఎవరికీ ఇచ్చే ఆచారం లేదు. ఆ పేరు తీసుకున్నవాడు ఆయనకు మనవడు కావాలి. తమరు మనవడయ్యారు కాబట్టి తాతగారు తొట్టె తెచ్చారు. తమ శరీరానికి సరిపడే తొట్టె ఊళ్ళో దొరక్కపోతే పడవ తెప్పించాం. నీరు కారదు, అడుగున నిన్ననే కీలు పూశారు."

ముసలాయన ముందుకొచ్చి రెండు చేతులూ చాచాడు. "రా నాయనా" అన్నాడు. నేను నేర్పిన మాటే గానీ, నేర్పినదానికంటే ప్రేమగా అన్నాడు.

రాజుగారి ముఖం కందగడ్డలా అయింది. "సింగనా, హద్దు మీరుతున్నావు. మేము రాజులం. మేము కోరింది తీసుకుంటాం. మనవడేమిటి?"

"చిత్తం. మనవడు కాకుండా తీసుకునే దారి ఇంకేదైనా ఉందేమో భట్టుగారిని అడుగుదాం. అయ్యా, పరాయి సొమ్ము మనది కావాలంటే ఎన్ని దారులున్నాయి?"

భట్టుగారికి ప్రశ్న వేస్తే ప్రాణం లేచొస్తుంది. "కొనవచ్చు. దానంగా పొందవచ్చు. యుద్ధంలో గెలవవచ్చు. వారసత్వంగా రావచ్చు" అన్నాడు.

"శెట్టి అమ్మలేదు. దానం చేయడానికి అది ఆయన ఒక్కడిది కాదు, తాతలదీ మనవలదీను. సారాకొట్టు మీదికి మనం దండెత్తలేదు. ఇక వారసత్వం కోసమే పడవ తెచ్చాం. ఇవేవీ కాకుండా తీసుకుంటే దాన్నేమంటారు?"

భట్టుగారు నోరు తెరిచి, మాట బయటికి రాకముందే మూసుకున్నాడు. దొంగతనమన్న మాట రాజుగారి ముందు పలకడానికి ఆయన పాండిత్యం చాలలేదు. కాసేపటికి ఏదో తట్టింది.

"పన్ను ఉంది ప్రభూ. ప్రజల సొమ్ములో రాజుకు హక్కుంది. పన్నుగా తీసుకోవచ్చు" అన్నాడు సంతోషంగా.

"భేష్. పన్నంటే ఆరోవంతు" అన్నాను. "లూకిప్పోస్‌లో ఆరోవంతంటే మొదటి అక్షరం కూడా పూర్తిగా రాదు. దీర్ఘం తీసేస్తే సరిపోతుందేమో. ఇకనుంచి మహారాజుగారిని 'లు' అని పిలుచుకుందాం."

ఎక్కడో వెనక వరసలో ఒకడికి నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. రాజుగారు లేచి నిలబడ్డారు. ఆయన చేయి కత్తిపిడి మీదికి వెళ్ళింది. ఓడ ఎక్కించడం దాకా ఎందుకు, ఇక్కడే అయిపోయేలా ఉందనిపించింది. పారిపోదామనుకున్నాను గానీ పడవ దారికి అడ్డంగా ఉంది. దాన్ని తెప్పించింది నేనే.

ఇక చేసేదేమీ లేక నిజం మాట్లాడాను. నాకు అలవాటు లేని పని.

"ప్రభూ, నన్ను చూడండి. నా పేరు సింగన. పులిని తరిమినవాడి పేరు. ఆ పేరు నాకు ఏనాడూ సరిపోలేదు, మా తాత చొక్కా తొడుక్కున్నట్టు వేలాడుతూనే ఉంది. బల్లిని చూసి మంచమెక్కుతాను. అయినా ఎవరైనా సింగనా అని పిలిస్తే, మంచం మీదనుంచే అయినా, కాస్త వెన్ను నిటారు చేస్తాను. ఎందుకంటే ఆ పిలుపులో ఆయన కూడా ఉంటాడు. శెట్టికి తెల్లగుర్రం లేదు, ఆయన తాతకూ లేదు. వాళ్ళకున్నది ఆ పిలుపే. ఇంతకీ తమకు ఉదగ్రవర్మ అన్న పేరు ఎవరిది ప్రభూ?"

"మా తాతగారిది" అన్నారు రాజుగారు.

"తమరిప్పుడు లూకిప్పోస్ అయితే, ఆయన పేరు ఇక ఎవరు మోస్తారు?"

రాజుగారి చేయి కత్తిపిడి మీదే ఉంది గానీ పట్టు వదులైంది. ఏం చేయాలో ఎవరికీ తెలియని ఆ సమయంలో మా కామసాని తన పని తాను చేసుకుపోయింది. ఆవిడకు రాజులన్నా పిల్లలన్నా ఒకటే. పళ్ళెంలోంచి మొలతాడు తీసి మెట్లెక్కి రాజుగారి నడుము చుట్టూ పట్టి చూసింది. సగానికి కూడా రాలేదు.

"ఇది చాలదు. ఇంకో మూడు ముడేయాలి" అంది మాతో. తరవాత ఉగ్గుగిన్నె అందుకుంది. "అయితే ముందు ఆముదం. కడుపు శుద్ధయ్యాకే పేరు. బాబూ, నోరు తెరవండి."

రాజుగారు ఆ గిన్నె వంక చూశారు. ఆముదం వాసన సింహాసనం దాకా వెళ్ళింది. ఆయన ముఖం ముడుచుకుంది, పెదవులు బిగించుకున్నారు, అచ్చం పిల్లవాడిలా తల పక్కకు తిప్పేసుకున్నారు. ఆ తిప్పడం ఆయనకే తెలిసొచ్చింది కాబోలు, భుజాలు కదలడం మొదలయ్యాయి.

"మా తాతగారు ముక్కు పట్టుకుని పోసేవారు" అన్నారు. "నేను స్తంభాల చుట్టూ పరుగెత్తేవాణ్ణి. ఉదగ్రా, ఉదగ్రా అని తన పేరు తానే అరుస్తూ నా వెనక పరుగెత్తేవారు." అంటూ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ సింహాసనంలో కూలబడ్డారు. ఆ నవ్వులో కన్నీళ్ళున్నాయో, ఆముదం ఘాటుకు వచ్చాయో నాకు తెలియదు. కొలువంతా నవ్వింది. భట్టుగారు అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వాడు.

నవ్వు ఆగాక రాజుగారు కిందికి దిగివచ్చి ముసలాయన చేతులు పట్టుకున్నారు. "శెట్టీ, మాకొక తాతగారు ఉన్నారు, ఆయన చాలు. నీ పేరు నీ మనవడిదే. ఆ నాలుకల శాసనం రద్దు. బాలసారెకు మేమే వస్తాం. ఆ గిన్నె మాత్రం మా కంటపడకుండా దాచండి."

ఆ సాయంత్రమే రేవులో బాలసారె. పడవ తిరిగి నీళ్ళలోకి వెళ్ళింది. ముసలాయన చేసిన తొట్టె దూలానికి వేలాడింది. పళ్ళెంలో బియ్యం పరిచి ఉంగరంతో పేరు రాశారు, ఒక వరసలో మన అక్షరాలు, కింద ముసలాయన తన చేత్తో రాసిన యవన అక్షరాలు. మేనత్తలు లేరు కాబట్టి కామసానే ఆ వరస కలుపుకుని చెవిలో ఊదింది. ఏమని ఊదిందో తనకు తెలిసినట్టు మాత్రం నాకనిపించలేదు.

రాజుగారు తొట్టె పక్కనే పీట మీద కూర్చున్నారు. "అమ్మాయీ, మేము వదులుకున్న పేరది. కన్నతల్లి నోట ఒక్కసారి విని పోతాం. నీ కొడుకును పిలువు" అన్నారు ముత్యాలుతో.

ముత్యాలు తలుపు చాటుకు జరిగింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"భయం లేదమ్మా. శాసనం రద్దు చేశాం. ఎవరి నాలుకా పోదు."

ముత్యాలు ఇంకా వెనక్కి జరిగింది. కామసాని నుదురు కొట్టుకుంది. "ప్రభువులకు ఎవరైనా చెప్పండి. అది వాళ్ళ మామగారి పేరు. కోడలు మామగారి పేరు పలుకుతుందా?"

రాజుగారు పీట తలుపు వైపు తిప్పుకున్నారు. "మరి ఏమని పిలుస్తావమ్మా?"

"చిన్నోడని" అంది ముత్యాలు తలుపు చాటునుంచి.

"వీడి తండ్రి వచ్చాక పిలుస్తాడేమో?"

"కన్నతండ్రి పేరు పెట్టి ఒరేయ్ అని ఎలా పిలుస్తాడు ప్రభూ? ఆయనా చిన్నోడనే అంటాడు" అన్నాను. "మా ఇంట్లోనూ మా అమ్మ నన్ను ఒక్కనాడూ సింగనా అనలేదు. బొండాం అనేది."

ఇక ఆ రాజుగారిని ఆపడం ఎవరి తరం కాలేదు. పీట మీదినుంచి పక్కకు ఒరిగిపోయి మరీ నవ్వారు. "ఏ పేరు కోసం రాజ్యంలో నాలుకలన్నీ కోయిస్తానన్నానో, ఆ పేరు ఈ ఇంట్లో ఒక్క నాలుకా పలకదన్నమాట. సింగనా, నాకంటే పెద్ద విదూషకుడు ఈ రాజ్యంలో లేడయ్యా" అంటూ తన దండకడియం తీసి నా చేతికి తొడిగారు. అది నా జబ్బ దగ్గర ఆగలేదు, మోచేయి దాటి నేరుగా నేలమీద పడింది. దాన్ని కామసాని తీసుకుంది. అది మా ఇంటికి వచ్చిన మాట నిజమే గానీ నేను మళ్ళీ చూడలేదు.

"ఒక్కరు పిలవచ్చు" అన్నాడు ముసలాయన.

అందరం ఆయన వంక చూశాం. ఆయన తొట్టె మీదికి వంగి పసివాణ్ణి రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాళ్ళంతా ఎప్పుడో పోయారు. ఈ ఊళ్ళో చిన్నవాళ్ళు తాతా అన్నారు, పెద్దవాళ్ళు శెట్టీ అన్నారు. ఇన్నేళ్ళలో ఆ పేరు పట్టి ఒక్కరూ పిలిచినవాళ్ళు లేరు.

"లూకిప్పోస్" అన్నాడు మెల్లగా. మళ్ళీ కొంచెం గట్టిగా, వీధి చివర ఆడుకుంటున్న పిల్లవాణ్ణి అన్నానికి కేకేసినట్టు పిలిచాడు. ఆయన గొంతు ఆయనది కానట్టుంది. వాళ్ళ అమ్మ అలాగే పిలిచేదేమో.

పసివాడు కళ్ళు విప్పి చూశాడు.